నువ్వు సగంలో వదిలిన విల్లు

సరళా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు సగం చెక్కి వదిలిన కర్ర విల్లును నేను పూర్తి చేశాను. రేపు బోధన్‌లో పోటీకి మన శిరీష దాన్నే పట్టుకెళ్తానంటోంది.

విల్లు రెక్క, అంటే పిడికి అటో ఇటో వంగే సగం, పిడి దగ్గర వెడల్పుగా, కొసకు పోయేకొద్దీ సన్నగా ఉంటే వంపు భారం పొడవునా సమంగా పడుతుందని చెప్పేదానివి. విన్నాను గానీ, పై రెక్క నడుమ బాగా వంగుతోందని మురిసిపోయి, గాజు పెంకుతో అక్కడే ఇంకా గీకాను. గీకాల్సింది వంగని చోట. దాంతో భారమంతా ఆ పలచబడిన చోటే పడింది. విరిగితే ముక్క పిల్ల ముఖానికే తగులుతుంది.

అందుకే ఇవాళ, విల్లు బలం తగ్గినా సరే, భారం సమంగా పడేలా మిగతా భాగాన్ని, కింది రెక్కతో సహా, పలచన చేశాను.

“బాపూ, గిట్ల గీకుతనే ఉంటే బాణం నిశానా దాక పోతదా?” అంది శిరీష.

“పోకుంటే పోనియ్యి బిడ్డా.”

“అమ్మైతే గింత భయపడకపోతుండె.”

నిజమే, నువ్వు భయపడేదానివి కాదు. నీకు చెక్కడం వచ్చు.

ఇప్పుడు రెండు రెక్కలూ ఒక్కలా వంగుతున్నాయి. నా ముఖానికి దగ్గరగా పెట్టుకుని ముప్పై సార్లు తాడు గుంజాను. విరగలేదు. శిరీష గడపలో నిలబడి చెయ్యి చాపింది.

ఇంకొక్కసారి గుంజి ఇస్తానన్నాను.