పథ్యం నాటికి నేను ఉండను

సూరత్,
ఆదివారం.

వదినకి వీర్రాజు నమస్కారాలు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, అన్నయ్య, పద్మ కులాసాగా ఉన్నారని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. అన్నయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను రాసిచ్చిన మాత్ర తిండి తిన్నాకే వేసుకోమను, పరగడుపున వద్దు. కాలువ గట్టు మీద సైకిలు దిగి నడవమంటే వినడని నాకు తెలుసు, అయినా చెబుతూ ఉండు. నీ ఆయాసం తగ్గిందని రాశావు. తగ్గిందని నువ్వు రాసినప్పుడల్లా నాకు అనుమానమే. మంచు తగ్గేదాకా పొద్దున్నే వాకిలి ఊడవడం పద్మకి అప్పజెప్పు.

నీ ఉత్తరం ముందు జబల్‌పూర్ వెళ్ళింది. అప్పటికే నేను అక్కడినుంచి వచ్చేశాను. అక్కడి ఆసుపత్రి వాళ్ళు అడ్రసు మార్చి పంపితే మొన్న బుధవారం చేతికి అందింది. అందుకే జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు.

జబల్‌పూర్‌లో నా మూడు నెలలు అయిపోయాయి. మమ్మల్ని ఆసుపత్రులకి నర్సులుగా పంపే ఏజెంటు సూరత్ వెళ్ళమన్నాడు, వచ్చాను. ఇక్కడ ఆపరేషన్ అయినవాళ్ళుండే వార్డులో డ్యూటీ వేశారు. గదిలో మంచాలు రెండు, మనుషులం నలుగురం. ఒకడు డ్యూటీకి వెళ్తే ఇంకొకడు వచ్చి పడుకుంటాడు, పక్క చల్లారదు. జబల్‌పూర్‌లో చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి, ఇక్కడ ఆ బాధ లేదు. తిండి మాత్రం తమాషాగా ఉంది. పప్పులో బెల్లం వేస్తారు. మొదటి రోజు పొరపాటున పడిందేమో అనుకుని, పప్పు తియ్యగా ఉందని వంటవాడికి చెప్పాను. అతను రుచి చూసి, చాలలేదనుకున్నాడు కాబోలు, నా గిన్నెలో ఇంకో ముక్క వేశాడు. అదీ తినేశాను. నా గురించి బెంగ వద్దు, అన్నం దొరుకుతోంది, మజ్జిగ దొరుకుతోంది.

ఆసుపత్రి ఎదురుగా టీ బండి దగ్గర తెలుగు వినిపించింది. తెలంగాణ వైపు నుంచి వచ్చి మగ్గాల మీద పనిచేసేవాళ్ళు. "ఏందన్నా, కొత్తగొచ్చినవా?" అని ఒకాయన అడిగాడు. "అవునండి, మొన్ననేనండి" అన్నాను. "రెండు ముక్కలకు రెండు అండీలు! గోదారోనివే" అని అందరూ నవ్వారు. టీ డబ్బులు ఇవ్వనివ్వలేదు. ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది.

ఇక నువ్వు అడిగిన సంగతి.

"వీర్రాజూ, నర్సింగు పాసైందని తెలిసి ఏజెంటు మన పద్మని రమ్మంటున్నాడు. రామచంద్రపురంలో కొత్తగా పెట్టిన ఆసుపత్రి వాళ్ళూ రమ్మంటున్నారు, జీతం తక్కువ. ఇది ఊళ్ళు తిరిగే ఉద్యోగమే కావాలని కూర్చుంది. మీ అన్నయ్యనడిగితే నీ ఇష్టం అంటారు, రేపు ఏదైనా తేడా వస్తే నేను ముందే అన్నానంటారు. నువ్వు పద్దులు రాసేవాడివి కదా, లాభమెంతో నష్టమెంతో రాసి పంపు. నువ్వు ఊఁ అంటే ఊఁ, ఊహూఁ అంటే ఊహూఁ" అని రాశావు. దాని కింద పద్మ రాసింది: "బాబాయ్, వద్దన్నావంటే ఈసారి వచ్చినప్పుడు నీకు కాఫీ ఉండదు."

నెలాఖరులోగా ఏజెంటుకి జవాబు చెప్పాలన్నావు. ఆడపిల్లని అంత దూరం పంపే మాట నా నోటి మీద పెట్టావు. ఈ నాలుగు రోజులూ, ఖర్చులు రాసుకోవడానికి కూర్చున్నప్పుడల్లా అదే ఆలోచన.

మంచి ముందు రాస్తాను. మన డాక్టరు గారి దగ్గర ఇరవై ఏళ్ళు కాంపౌండరుగా చేశాను. జ్వరాలు, కుక్కకాట్లు, పాముకాట్లు, కట్లు కట్టడం, అదే నా చదువు. వయసు మీద పడ్డాక పిల్లల పక్కన కూర్చుని నర్సింగు కోర్సు చేశాను. ఆయన పోయి ఆసుపత్రి మూతపడి ఇటు వచ్చాక, అసలు పని ఈ ఏడాదిన్నరలోనే నేర్చుకున్నాను. ఊపిరి ఆడించే మిషన్ల దగ్గర నిలబడ్డాను, పెద్ద పెద్ద ఆపరేషన్లు అయినవాళ్ళని చూసుకున్నాను. ఒక్కచోటే ఉంటే పదేళ్ళకీ ఇంత రాదు. జీతం చెప్పిన రోజుకి వస్తుంది. మీరెవరండీ, ఎవరి తాలూకండీ అని ఎవరూ అడగరు. సూది నొప్పి లేకుండా వేస్తాడా లేదా, అంతే. పెళ్ళి ఎప్పుడని పద్మని ఎవరూ అడగరు, దానికి ఇదొక్కటే చాలేమో. ఆడపిల్లలకి ఆసుపత్రి పై అంతస్తులోనే హాస్టలుంది. చెప్పకుండానే నేను వెళ్ళి వార్డెనమ్మతో మాట్లాడి వచ్చాను. తలుపులకి గడియలు గట్టిగా ఉన్నాయి. కేరళ అమ్మాయిలు చాలామంది ఉన్నారు. జబల్‌పూర్‌లోనూ చూశాను, వాళ్ళు ఎక్కడికి వచ్చినా ఇద్దరిద్దరుగా వస్తారు, ఇద్దరిద్దరుగా వెళ్తారు. అక్కడ ఉండగా దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

చెడు కూడా ఉంది. పక్క, తిండి, పండగ పూట డ్యూటీ, ఇవి ఎలాగో సర్దుకుపోతాయి. సర్దుకోనిది ఒకటుంది.

మన దగ్గర పడవ సరంగు అప్పన్న గుర్తున్నాడా? టైఫాయిడ్ వచ్చి నెల్లాళ్ళు మంచాన పడ్డాడు. జ్వరం దిగింది, రేపు పథ్యం పెట్టండి, మొదటి అన్నం తినొచ్చు అని డాక్టరు గారు అనగానే అతని భార్య మన ఇంటికి వచ్చింది. "కాంపౌండరు గారండీ, తమరు ఎదురుగా ఉంటేగాని ముద్ద ముట్టనంటన్నాడండి" అంది. నువ్వే నన్ను తరిమావు, వెళ్ళి రారా అని. వెళ్తే పాత బియ్యం అన్నం మెత్తగా వండి, బీరకాయ కూర, చారు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"చేప ముక్క కూడదాండి?" అన్నాడు.

"కూడదు."

"చిన్నదండి."

"కూడదన్నానుగా."

"పోనీ పొరుగింటోళ్ళు పులుసు పెట్టుకుంటే వాసన చూడొచ్చాండి?"

వాళ్ళావిడ గరిటె చూపించింది. అప్పుడు తిన్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత కాలువ మీద పడవ వెళ్తున్నప్పుడల్లా నన్ను చూసి, గడ పైకెత్తి, "తింటన్నానండోయ్!" అని కేకేసేవాడు. అప్పుడు సిగ్గేసి తల దించుకుని పోయేవాణ్ణి. ఇప్పుడు ఆ కేక కోసం చెవి కోసుకుంటున్నాను.

ఇక్కడ అది ఉండదు వదినా. జబ్బు మధ్యలో వస్తాను, జబ్బు మధ్యలో వెళ్ళిపోతాను. ఎవరు లేచారో, ఎవరు లేవలేదో తెలియదు. పథ్యం నాటికి నేను ఉండను.

జబల్‌పూర్ వదిలేముందు ఒకటి జరిగింది. నీకు చెప్పకుండా ఉండలేను. సుశీల అని ఒకావిడ, ముప్ఫై ఏళ్ళుంటాయి. టైఫాయిడ్ ముదిరి పేగుకి చిల్లు పడితే ఆపరేషన్ చేశారు. నోటితో ఏమీ ఇవ్వకూడదు, అంతా సీసాల్లోంచే. వాళ్ళమ్మ, పెద్దావిడ, పగలంతా మంచం పక్కనే. ఒక మధ్యాహ్నం వార్డు ఖాళీగా ఉంది. మీ ఊరి సంగతులు చెప్పు బాబూ అంది. నేను మాట్లాడేవాణ్ణి కాదని నీకు తెలుసు. ఆ రోజు ఏమైందో, నాకు వచ్చిన ఆ కాస్త హిందీలో పథ్యం గురించి మొత్తం చెప్పేశాను. అన్నం, బీరకాయ, మందిచ్చినవాడు ఎదురుగా ఉండటం, అప్పన్న, అతని గడ, అన్నీ. శనివారం వెళ్ళిపోతున్నాను, మీ అమ్మాయి మొదటి ముద్ద చూడలేను అని కూడా అన్నాను. ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. చెప్పుకున్నాక నాకూ హాయిగా అనిపించింది.

శనివారం సంచి భుజాన వేసుకుని, చెప్పి వెళ్దామని వార్డుకి వెళ్ళాను. ఆ పొద్దున్నే రెండు గుక్కలు నీళ్ళు ఇవ్వవచ్చని డాక్టరు అన్నాడు, నీళ్ళే. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆ పెద్దావిడ డబ్బా మూత తీసి, కిచిడీ చెంచాలోకి తీసుకుని, కూతురి నోటి దగ్గర పెట్టి, నాకోసం గుమ్మం వైపే చూస్తోంది. సుశీల నోరు తెరిచి ఉంది.

సంచి ఎక్కడ పడేశానో తెలియదు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అరిచానట కూడా, పక్క మంచం ఆవిడ తర్వాత చెప్పింది. ఆ ఒక్క చెంచాకి కుట్లు ఊడేవి, మనిషి దక్కేది కాదు.

"నీకోసమే బాబూ!" అంది పెద్దావిడ. "సాయంత్రం నువ్వు బండెక్కుతావుగా. మందిచ్చినవాడు ఎదురుగా ఉండాలని నువ్వేగా అన్నావు?"

నా బెంగ నేను దించుకున్నాను, అది వెళ్ళి ఆ చెంచాలో పడింది.

కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాను. డాక్టరు చెప్పేదాకా ఆగాలి, నేను ఉన్నా లేకపోయినా. ఆవిడ డబ్బాలోకి చూసుకుంది. తర్వాత చెంచా నా వైపు తిప్పింది. "అయితే నువ్వు తిను. పొయ్యి మీదనుంచి దించి తెచ్చాను, పారబొయ్యను" అంది. వార్డులో తినకూడదు, వరండాలో మెట్ల మీద కూర్చుని తిన్నాను. ఉప్పు లేదు, నెయ్యి లేదు, మెత్తగా ఉంది. పథ్యానికి ఎలా ఉండాలో అలాగే ఉంది. కిటికీలోంచి సుశీల పీలగొంతుతో, "నా తిండి నువ్వే తిన్నావుగా భయ్యా, సాయంత్రం నా సూది కూడా నువ్వే పొడిపించుకుని వెళ్ళు" అంది. ఆపరేషన్ అయ్యాక ఆ మనిషి నవ్వడం అదే మొదలు.

రైల్లో దారంతా ఆ చెంచాయే కళ్ళ ముందు ఉంది. ఇరవై ఏళ్ళలో మన ఊళ్ళో నేనిలాంటి పని చెయ్యలేదు. ఎందుకంటే మనసులో ఏదైనా ఉంటే ఇంటికి వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చునేవాణ్ణి. నువ్వు కూర తరుగుతూ, అడక్కుండానే ఊఁ కొట్టేదానివి. నేను మాట్లాడనివాణ్ణని అందరూ అంటారు. నిజానికి చెప్పాల్సింది అక్కడ చెప్పేసేవాణ్ణి కాబట్టి ఇంకెక్కడా నోరు తెరవనక్కర్లేకపోయింది. ఇక్కడ ఆ గుమ్మం లేదు. అందుకని రోగి మంచం దగ్గర చెప్పుకున్నాను. కేరళ అమ్మాయిలు ఇద్దరిద్దరుగా ఎందుకు తిరుగుతారో ఆ రైల్లో అర్థమైంది.

అందుకని నా మాట ఇది. పద్మని పంపు. పని నేర్చుకోనీ, నాలుగు ఊళ్ళు చూడనీ. కానీ ఒక్కదాన్నే పంపవద్దు. దానితో చదివిన మేరీ కూడా వెళ్దామనుకుంటోందని పోయినసారి రాశావు. ఇద్దరినీ ఒకే ఆసుపత్రిలో, ఒకే గదిలో వేస్తానంటేనే వస్తామని ఏజెంటుకి చెప్పమను. ముందు కుదరదంటాడు, తర్వాత ఒప్పుకుంటాడు, వాడికీ మనుషులు కావాలి. ఒప్పుకోకపోతే రామచంద్రపురమే మేలు, జీతం తక్కువైనా సరే. నేను దగ్గరలో ఉంటానని ధైర్యం చేయవద్దు. నన్ను ఎప్పుడు ఎటు పంపుతారో నాకే తెలియదు.

ఇక్కడిదాకా రాసి ఆపాను. ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి వచ్చాను. వచ్చినప్పటినుంచి వెళ్దామా వద్దా అని వెనకాడుతున్నాను, ఏం వినాల్సి వస్తుందోనని. నీకు ఇదంతా రాశాక ఉండబట్టలేదు. జబల్‌పూర్ వార్డులో సిస్టరు ఫోను ఎత్తింది. పన్నెండో మంచం సుశీల సంగతి అడిగితే ఆగమని, ఆ పెద్దావిడనే తీసుకొచ్చింది. ఆవిడకి ఫోను అలవాటు లేదు, పొలం అవతలి గట్టు మీద మనిషిని పిలిచినట్టు అరిచింది. "తింది బాబూ! నిన్న డాక్టరు చెప్పాకే పెట్టాను. నువ్వు వెళ్ళిన గుమ్మం వైపు తిప్పి కూర్చోబెట్టి పెట్టాను!"

బూత్‌లోంచి బయటికి వస్తే ఫోను డబ్బులు తీసుకునే అతను నా మొహం చూసి, హిందీలో, ఏమైంది అని అడిగాడు. "పథ్యం తిందండి" అన్నాను, తెలుగులోనే. అతనికి ఏమీ అర్థం కాలేదు, చిల్లర ఇచ్చాడు. టీ బండి దగ్గర మనవాళ్ళున్నారేమోనని చూశాను. ఆదివారం కదా, ఎవరూ లేరు. తిన్నగా గదికి వచ్చి మళ్ళీ ఈ కాగితం తీశాను.

సుశీల పథ్యం తిందట వదినా.

పద్మకి చెప్పు, నేను వద్దనలేదు, నా కాఫీ నాకుంచాలి. ఎవరైనా ఇటు వస్తుంటే నాలుగు తేగలు, కాస్త చింతకాయ పచ్చడి పంపు. బెల్లం పప్పులో నంజుకుంటాను. పచ్చడిలో నూనె ఎక్కువ వెయ్యకు, సంచిలో కారుతుంది. అప్పన్న కనిపిస్తే నేను అడిగానని చెప్పు. మేరీ వాళ్ళ నాన్నగారికి నమస్కారాలు. అన్నయ్యకి విడిగా రాయలేదని అనుకోవద్దను. చదివి వినిపించు, చెంచా సంగతి దగ్గర కంగారు పడతాడు, ముందే చెప్పు ఏమీ కాలేదని.

నీ ఆశీర్వచనం ఈ చేతుల మీద ఉండాలి. ఇంకేమీ అక్కర్లేదు.

నీ మరిది,
వీర్రాజు