టేపు మీద కాలిన మచ్చ

మార్చి 3, మంగళవారం

ఈ ఉదయం నాన్న మెడలోని కొలతల టేపు మీద కొత్తగా ఒక కాలిన మచ్చ కనిపించింది. ముప్ఫైరెండో అంగుళం దగ్గర. నలభై ఏళ్లుగా టైలరింగ్ చేస్తున్న మనిషి. సిగరెట్ కాక ఇంకేమై ఉంటుంది. అడగకుండానే లైబ్రరీలో డ్యూటీకి వెళ్లిపోయాను. కాన్వెంట్‌లో సిస్టర్లు నాకు గొంతు పెంచడం తప్ప అన్నీ నేర్పారు.

ఆపరేషన్ పంతొమ్మిదిన. పొట్టలోని పెద్ద రక్తనాళం, అయోర్టా, ఉబ్బి అయిదున్నర సెంటీమీటర్లు దాటింది. పగిలితే హాస్పిటల్ దాకా రావడం కూడా కష్టమని పోయిన వారం డేట్ ఇస్తూ చెప్పారు సర్జన్. అప్పటిదాకా రెండు షరతులు. సిగరెట్ ముట్టకూడదు. జలుబూ దగ్గూ రాకూడదు.

అక్కడే నాన్న మెడలోని టేపు తిప్పి చూసుకున్నారు. రెండంగుళాల మీద కాస్తేగా డాక్టరుగారూ, కుట్లు విప్పి లోపలికి పట్టేస్తే సరిపోతుంది, అన్నారు. సర్జన్ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

మార్చి 6

లైబ్రరీలో అందరూ దగ్గుతున్నారు. వాపసు వచ్చిన పుస్తకాలకు కూడా బామ్ వాసన.

మార్చి 8, ఆదివారం

గుండీల డబ్బా వెతికాను. మెషిన్ సొరుగు, కుట్టాల్సిన కోట్ల జేబులు కూడా. ప్యాకెట్ దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపం వచ్చింది. పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చిందే నీకు, అంది అమ్మ.

మార్చి 13

నాన్నకి దగ్గు.

మార్చి 15, ఉదయం 7

జ్వరం నూటరెండు. దగ్గినప్పుడల్లా పొట్ట పట్టుకుంటున్నారు.

ఈ రోజు అనేశాను. టేపు తీసి ఆయన ముందు పెట్టి, ఈ నాలుగు రోజులు కూడా ఆగలేకపోయారా నాన్నా, అన్నాను. వీధి వరకూ వినిపించి ఉంటుంది. ఆయన తలెత్తలేదు. నలభై ఏళ్లు కాల్చానమ్మా, అనే హక్కు నీకుంది, అన్నారు. వాదించి ఉంటే బాగుండేది.

మార్చి 17

టెస్ట్‌లో ఫ్లూ అని తేలింది. ఈ దగ్గుతో మత్తు ఇవ్వలేనన్నారు మత్తు డాక్టరు. ఆపరేషన్ ఆరు వారాలు వాయిదా. ఆ ఆరు వారాలూ నాళం ఆగుతుందా అని అమ్మ అడిగింది. ఆగుతుందనే అనుకుందాం, అన్నారు సర్జన్.

పొగ ఏళ్ల తరబడి నాళం గోడను పలచన చేస్తుందట. పైన ఇలాంటి వైరస్ వస్తే ఆ గోడలో వాపు పెరగవచ్చట. దానికి తోడు దగ్గు. ఇంట్లో ముందు ఎవరికి వచ్చిందని అడిగారు. ఎవరికీ లేదండీ, అంతా నా సిగరెట్ల పుణ్యమే, అన్నారు నాన్న.

నేను గోడ మీది చార్టు చదువుతూ నిలబడ్డాను.

మార్చి 18

అమ్మ ఇస్త్రీ చేస్తూ మాటల్లో చెప్పింది. టేపు కాల్చింది తనేనట. చొక్కా కింద ఉందని చూసుకోలేదట. ఆపరేషన్ డేట్ ఇచ్చిన రోజే మీ నాన్న ప్యాకెట్ నా చేతే మురిక్కాలవలో వేయించారే, అంది. ఆదివారం నేను అరుస్తుంటే ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు చెప్పనిస్తేగా, అంది.

టేపు మళ్లీ చూశాను. మచ్చ గుండ్రంగా లేదు. ఒక అంచు తిన్నగా ఉంది. మొదటి రోజే చూడవలసింది.

మార్చి 19

ఈ రోజు ఆపరేషన్ జరగవలసింది. పక్క గదిలో దగ్గు వినిపించినప్పుడల్లా రాయడం ఆపుతున్నాను.

పదో తారీకున నాకు జ్వరం వచ్చింది. సెలవు అడగడానికి మొహమాటపడి, మాత్ర వేసుకుని లైబ్రరీకి వెళ్లాను. సాయంత్రం నాన్న పక్కన కూర్చుని ఒక కోటుకి గుండీలు కుట్టాను.