సీపీయూ భద్రం

కడప, మంగళవారం రాత్రి

చనిపోయిన మా పేపర్ ఫొటోగ్రాఫర్ ఓబులేసు కంప్యూటర్ పాడైతే, ఆ పాత పెట్టెలోనే కొత్త సామాను బిగించమని మెకానిక్ మస్తాన్‌కు ఇచ్చాను. వెనక రేకు కోసి, కొత్త రంధ్రాలు వేసి, బోర్డు బాగానే కూర్చోబెట్టాడు. ఆన్ చేస్తే ఓబులేసు ఫొటోలు ఒక్కటీ లేవు. ఏవని మస్తాన్‌ను అడిగాను.

"పాత డిస్కులోవా? పాతవన్నీ తీసేయమంటివి గదన్నా. గుజిరీకి ఏసినా. నువ్వు జాగ్రత్తన్న సీపీయూ మాత్రం ఈడుండాది, సూడు."

చిన్న కవర్‌లో బొటనవేలంత చిప్పు చేతిలో పెట్టాడు. నేను సీపీయూ అన్నది పెట్టెని, అందులోని ఫొటోలతో సహా. మెకానిక్‌కు సీపీయూ అంటే ఆ చిప్పే. మాట నాది, తప్పు అతనిదని రాయలేను.

పాత సామాన్లు కొనే ఆ గుజిరీ అంగడికి పోయాను. "యాడని ఎతుకుతావప్పా, లోడు పొద్దున్నే పాయె" అన్నాడు అంగడాయన.

ఓబులేసు తీసిన కరువు ఊళ్ల ఫొటోలు పేపర్లోనైనా మిగిలాయి. వాళ్ల పాప చిన్నప్పటివి ఆ డిస్కులో తప్ప ఎక్కడా లేవు. వాటికోసం రేపు ఓబులేసు భార్య కమలాపురం నుంచి వస్తోంది. "సీపీయూ నా దగ్గర భద్రంగా ఉందమ్మా" అని పోయిన వారం నేనే చెప్పాను.

ఆ మాట ఇప్పటికీ నిజమే.