మా వారి చేతికి తొడుగు

రాయ్‌పూర్,
12 సెప్టెంబరు 2006.

విజయనగరం అచ్చయ్య అండ్ సన్స్ తోలు సామాను దుకాణం వారికి, రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్ల నుంచి గంగాభవాని నమస్కరించి రాయునది.

నేను మీకు తెలియను. మా పుట్టిల్లు పార్వతీపురం దగ్గర. పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. ఇక్కడ గడప దాటితే అంతా హిందీ. తెలుగులో ఉత్తరం రాయగల దుకాణం ఒకటుందని తెలిసి ధైర్యం చేశాను. మీ చిరునామా ఫణిశ్రీ గారు ఇచ్చారు. ఆవిడ రైల్వే ఆఫీసులో పనిచేస్తారు. ఆదివారాలు కాలనీ మైదానంలో వెదురు విల్లుతో బాణాలు వెయ్యడం నేర్పుతారు.

మా వారికి విల్లు లాగేటప్పుడు తొడుక్కునే తోలు తొడుగు కావాలి. మా వారు ఫణిశ్రీ గారి దగ్గర కొన్నాళ్ళుగా నేర్చుకుంటున్నారు. బాగా వేస్తున్నారని ఆవిడే అన్నారు, నేను గొప్పకు చెప్పడం లేదు. డిసెంబరులో బిలాస్‌పూర్‌లో రైల్వే కుటుంబాలకు పోటీ పెడుతున్నారు. ఒక్కో క్వార్టరు నుంచి ఒక్కరికే చోటు. మా వారు వెళ్ళాలని చాలా ఆశపడుతున్నారు. రాయ్‌పూర్ వచ్చి మూడేళ్ళయినా పండరీ బట్టల బజారు తప్ప ఇంకేమీ చూడలేదు. కాని నారి లాగే మూడు వేళ్ళూ బొబ్బలెక్కాయి. అంట్లు తోమేటప్పుడు సబ్బు తగిలితే ప్రాణం పోతోంది. తొడుగు లేకుండా బిలాస్‌పూర్ తీసుకెళ్ళనని ఫణిశ్రీ గారు తేల్చి చెప్పారు.

మందంగా ఉన్నది మంచిదా, పల్చగా ఉన్నదా? ఏం చూసి ఎంచుకోవాలి? దయచేసి తెలపండి. మా వారికి సిగ్గు ఎక్కువ, అందుకని నేను రాస్తున్నాను.

ఇట్లు,
గంగాభవాని

తా.క. కాగితం మీద చెయ్యి పెట్టి చుట్టూ గీసి పంపుతున్నాను. మా వారు డ్యూటీలో ఉన్నారు కనుక నా చెయ్యే పెట్టాను. మా ఇద్దరి చేతులూ ఒక్కటే. అంతకు అంతే కుట్టండి.


విజయనగరం,
25 సెప్టెంబరు.

శ్రీమతి గంగాభవాని గారికి ప్రొప్రయిటరు అచ్చయ్య శుభం కోరుతూ తెలియజేయునది.

మీ ఉత్తరం చేరింది. ముందుగా మీ వారికి మా అభినందనలు. రైల్వేలో ఉద్యోగం చేస్తూ బట్టల బజారు తప్ప ఇంకేమీ చూడని మనిషి గురించి వినడం మాకు ఇదే మొదలు. పైగా అంట్లు కూడా తోముతారని రాశారు. మీరు పెట్టి పుట్టారు.

ఇక ఎంపిక సంగతి. తోలు మందమైతే నారి వేలి మీద ఉందో జారిందో తెలియదు. మరీ పల్చనైతే బొబ్బ తప్పదు. వేలి చివర ఖాళీ మిగలకూడదు, మిగిలితే నారి అక్కడ తగులుకుని బాణం దాని ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. మణికట్టు పట్టీ బిగువుగా ఉండాలి గాని చెయ్యి తిమ్మిరెక్కకూడదు. ఇవన్నీ చూసుకుని మేక తోలుతో కుట్టించాము.

మీరు పంపిన బొమ్మ ఆడవారి చెయ్యి. భార్యాభర్తల మనసులు ఒకటైతే కావచ్చు, చేతులు కావు. అందుచేత మా అనుభవం ఉపయోగించి, మగవారి చేతికి వచ్చేలా పెంచాము.

తొడుగు ఎవరు వాడతారో వారి పేరుతో పార్సిలు పంపడం మా ఆనవాయితీ. మీరు మీ వారి పేరు ఎక్కడా రాయలేదు. అందుకని "గంగాభవాని గారి భర్త గారికి, స్వయంగా అందజేయవలెను" అని హిందీ తెలిసినవారి చేత రాయించి పంపాము.

ఇట్లు, సదా మీ సేవలో,
అచ్చయ్య

తా.క. తోలుకు నీళ్ళు పడవు. అంట్లు తోమిన తర్వాత చేతులు పొడిగా తుడుచుకుని తొడుక్కోమని మీ వారికి చెప్పండి.


రాయ్‌పూర్,
9 అక్టోబరు.

అచ్చయ్య గారికి గంగాభవాని నమస్కారములు.

పార్సిలు వచ్చింది. నా చేతికి కాదు. "స్వయంగా అని రాసి ఉంది బహెన్‌జీ, మీకు ఎలా ఇస్తాను" అని డాకియా దాన్ని వెనక్కి పట్టుకుపోయి, మా వారు డ్యూటీ దిగాక మళ్ళీ వచ్చి ఇచ్చాడు.

మా వారికి పార్సిలు రావడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. విప్పి తొడుక్కున్నారు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. మీ అనుభవం అంత గొప్పది. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నాకోసం తెప్పించావా భవానీ" అన్నారు. ఇన్నాళ్ళూ నన్ను "ఏయ్" అనో "ఇదిగో" అనో పిలిచేవారు. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఔనని తలూపాను. మీరైతే ఏం చేసేవారు.

మా అత్తగారు రంగనాయకమ్మ గారు మాత్రం ఒప్పుకోలేదు. "ఏ గొడ్డు తోలో ఏమిటో. దేవుడి అర ఉన్న ఇంట్లోకి సీదా తెచ్చేస్తావుటే" అని, తొడుగును పసుపునీళ్ళలో ముంచి శుద్ధి చేసి, డాబా మీద వడియాల పక్కన ఆరేశారు. సాయంత్రానికి వడియాలింకా మెత్తగానే ఉన్నాయి, తొడుగు అప్పడమైంది.

మా వారు ఆ అప్పడాన్నే తొడుక్కుని ఆదివారం మైదానానికి వచ్చారు. నా చేతిలోని విల్లు తీసుకుని, "ఇలా తే, గురి చూడడం ఆడవాళ్ళకేం తెలుసు" అన్నారు. ఆయన బాణాలన్నీ మురిక్కాలవ అవతలి తుమ్మ పొదల్లో పడ్డాయి. నేను ఏరుకొచ్చి ఇచ్చాను. మళ్ళీ వేశారు. మళ్ళీ ఏరుకొచ్చాను.

బిగిసిన తోలు మెత్తబడే ఉపాయం చెప్పండి. ఇంకొక తొడుగు కూడా కావాలి. ఈసారి చిన్నది. పెంచకండి. దయచేసి నా పేరు మీద పంపండి.

ఇట్లు,
గంగాభవాని

తా.క. మా వారి పేరు నేను పలకకూడదు. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారు పెళ్ళి పీటల మీదే చెప్పారు. రాస్తే ఎంత తగ్గుతుందో చెప్పలేదు.


విజయనగరం,
20 అక్టోబరు.

శ్రీమతి గంగాభవాని గారికి అచ్చయ్య రాయునది.

మా తొడుగును అప్పడంతో పోల్చడం మాకు బాధ కలిగించింది. తోలును పసుపునీళ్ళలో ముంచి ఎండబెట్టిన ఖాతాదారు మాకు ఇంతవరకు లేరు. అయినా చెబుతున్నాము, వినండి. కాస్త తడి చేసి పిండిన గుడ్డతో పైపైన తుడవండి. నీడలో ఆరనివ్వండి, ఎండా పొయ్యి సెగా తగలనివ్వకండి. తర్వాత తేనె మైనం కొంచెం చేతి వేడికి కరిగించి పట్టించండి. తొడుక్కుని పిడికిలి ముడుస్తూ తెరుస్తూ ఉంటే తోలు దారికి వస్తుంది. వంటనూనె రాయకండి, అది తాగి తాగి తోలు మెతకబారితే నారి పడినచోట గాడి పడుతుంది. పని లేనప్పుడు పాత నూలుగుడ్డలో చుట్టి, గాలి తగిలేచోట ఉంచండి.

ఇక రెండో తొడుగు. చిన్నది కావాలన్నారు, మీ పేరు మీద పంపమన్నారు, ఎవరికో రాయలేదు. ఆడవారు కొన్ని సంగతులు నోరు విప్పి చెప్పరు. మాకూ సంసారం ఉంది, అర్థమైంది. చాలా సంతోషం. ఆ చిన్నవాడు తండ్రిని మించిన విలుకాడు కావాలని దీవిస్తూ పసివాళ్ళ తొడుగు పంపుతున్నాము. ఇంత ముందుగా తెప్పించి ఉంచుకునే తల్లులు అరుదు.

ఇట్లు, మీ శ్రేయోభిలాషి,
అచ్చయ్య

తా.క. లోపల "పుట్టబోయే బాబుకు ఆశీస్సులతో" అని చీటీ పెట్టాము. అమ్మాయి పుట్టిన పక్షంలో తొడుగు వాపసు తీసుకోబడదు.


రాయ్‌పూర్,
4 నవంబరు.

అచ్చయ్య గారికి గంగాభవాని రాసుకునే విన్నపం.

పార్సిలు ఈసారి నా పేరుతోనే వచ్చింది. విప్పింది మా వారు. చీటీ పైకి చదివారు.

మా అత్తగారు నన్ను దగ్గరకు తీసుకున్నారు. ఈ ఇంటికి వచ్చాక ఎవరైనా నన్ను అలా పట్టుకోవడం గుర్తులేదు. "నాకు చెప్పకుండా తోలు కొట్టువాడికి చెప్పుకున్నావటే పిచ్చిదానా" అని కళ్ళు తుడుచుకున్నారు. కాదత్తయ్యా, అలాంటిదేమీ లేదు అన్నాను. "తొలిచూలు వాళ్ళకి ఏం తెలుస్తుందిలే. నువ్వు చుప్‌గా కూర్చో" అన్నారు. పక్కింటి మహేశ్వరి "బధాయీ హో భాభీ" అంటూ చింతపండూ కారమూ దంచి పుల్లలకు గుచ్చిన ఇమ్లీ లాటా గిన్నెతో తెచ్చింది. మా వారు నా చేత మంచినీళ్ళ బిందె కూడా ఎత్తనివ్వడం లేదు. అంత ప్రేమ చూస్తుంటే అబద్ధమని చెప్పడానికి నోరు రాదు. అయినా రోజూ చెబుతూనే ఉన్నాను. సిగ్గుపడుతున్నాననుకుంటున్నారు.

విల్లు లాగితే కడుపు నిలవదన్నారు. మైదానం మాన్పించారు. మా క్వార్టరు తరఫున ఫణిశ్రీ గారికి ఇచ్చిన పేరు మా వారు కొట్టించి, తన పేరు రాయించి వచ్చారు. "చోటు ఖాళీగా పోవడం ఎందుకు, నాకు తొడుగు ఎలాగూ ఉందిగా" అన్నారు. కొట్టేసిన పేరు నాది.

మీరు పెద్దవారు, మగవారు, అచ్చువేసిన కాగితం మీద రాస్తారు. నా మాట ఎవరూ నమ్మడం లేదు. ఆ చీటీ మీ పొరపాటని ఒక్క ముక్క రాసి పంపండి. జాబితా బిలాస్‌పూర్ వెళ్ళేలోగా పంపండి.

ఇట్లు,
గంగాభవాని

తా.క. మీ మొదటి తొడుగులో నా వేళ్ళు ఈదుతున్నాయి. రెండోదాంట్లో దూరనే దూరవు. ఈ రెండింటికీ మధ్యది నేను మొదటి ఉత్తరంలోనే గీసి పంపాను.


విజయనగరం,
18 నవంబరు.

అమ్మా గంగాభవానీ, అచ్చయ్య రాయునది.

అయితే తొడుగు మీకన్నమాట. అంట్లు తోమేదీ మీరేనన్నమాట. ఇంత కాలం దుకాణం నడిపినా ఆడవారి కోసం తొడుగు అడిగినవారు లేరు, కాబట్టి పొరపాటు మాది కాదు, అలవాటుది.

మీరు కోరినట్టే రాశాము. అయితే ఇటువంటివి ఇంటి యజమానికి తెలపడం మర్యాద గనుక మీ వారికే విడిగా పంపాము. నకలు మీకు: "గంగాభవాని గారు గర్భవతి కారని మా దుకాణానికి తెలిసినంతవరకు ధ్రువీకరించడమైనది." కింద దుకాణం ముద్ర కూడా వేశాము.

మీ చెయ్యి గీసిన కాగితాన్ని పెంచే పనిలో కత్తిరించేశాము. మళ్ళీ గీసి పంపితే మూడోది కుట్టిస్తాము. వాడేవారి పేరు, భర్త పేరు మాత్రం ఈసారి తప్పక రాయాలి. అది మా ఆనవాయితీ.

ఇట్లు,
అచ్చయ్య

తా.క. బోర్డు మీద సన్స్ అని ఉంది గాని మాకు ఉన్నది ఆడపిల్లలే. కుట్టేది వాళ్ళు. మీ మొదటి కాగితం చూసి మా రెండోది "ఇది విల్లు పట్టే ఆడమనిషి చెయ్యి నాన్నా, వేలి కొసలు చూడు, వాచి ఉన్నాయి" అంది. పనిలో కబుర్లేమిటని కేకలేశాము.


రాయ్‌పూర్,
28 డిసెంబరు.

అచ్చయ్య గారికి గంగాభవాని నమస్కరించి.

మీ ధ్రువపత్రం వచ్చింది. అలవాటు ప్రకారం మా వారు పైకి చదివారు. గుమ్మంలో మహేశ్వరి ఉంది. మర్నాడు వచ్చి లాటా గిన్నె పట్టుకుపోయింది. మా అత్తగారు కాగితం అందుకుని ముద్ర మీద వేలు పెట్టి రుద్ది చూశారు. తర్వాత, "మా కోడలి కడుపున కాయ లేదని ఊరు కాని ఊళ్ళో తోలు కొట్టువాడు స్టాంపు కొట్టి పంపాడు, చూశావా నాయనా" అని మా వారితో అన్నారు. నాతో ఇప్పటికీ మాట్లాడరు. మా వారు మాట్లాడతారు, పేరు పెట్టి మాత్రం పిలవరు. మళ్ళీ "ఏయ్" దగ్గరికే వచ్చాము. బిందె నేనే ఎత్తుకుంటున్నాను.

జాబితా అప్పటికే వెళ్ళిపోయింది. బిలాస్‌పూర్‌కి మా వారే వెళ్ళారు. పూరీలు ఒక మూట, తొడుగు వేరే మూట కట్టి ఇచ్చాను. నూనె తగలకూడదన్నారు కదా.

ఒక్క బాణమూ గురి పలకకు తగల్లేదట. నారి చెంపదెబ్బలా కొట్టి ముంజెయ్యి కమిలిపోయింది. ఇంటికి రాగానే "తొడుగులో లోపం" అని దాన్ని చెప్పుల పెట్టెలో పడేశారు. ఇక విల్లు ముట్టుకోరట. పెద్ద ఆట కాదు, ఆడవాళ్ళు ఆడుకునేదే అన్నారు.

నేను తొడుగు తీసి, మీరు చెప్పినట్టు తుడిచి, నీడన ఆరేసి, మైనం పట్టించాను. పసుపు మరక పోలేదు. కుట్లు విప్పి, నా వేళ్ళ మీద పెట్టుకుని చూసి, కత్తిరించి, మైనం రాసిన దారంతో మళ్ళీ కుట్టుకున్నాను. వదులు జాకెట్టు బిగువు చేసుకోవడం లాంటిదే, మాకు తెలిసిన పనే. కొసల్లో ఖాళీ లేదు. పిడికిలి ముడిస్తే నొప్పి లేదు. మొన్న ఆదివారం కూరగాయలకని వెళ్ళి మైదానంలో నాలుగు బాణాలు వేశాను. వేటినీ పొదల్లో వెతుక్కోనవసరం రాలేదు. ఫణిశ్రీ గారు చూసి, "ఈ చెయ్యి కదా బిలాస్‌పూర్ రావలసింది" అన్నారు. ఔనండి అన్నాను. వచ్చే ఏడు ఉంటుందా అని అడిగాను. ఈసారి ఎవరూ సరిగ్గా వెయ్యలేదని పోటీ ఎత్తేశారట.

కాబట్టి ఇది ఆర్డరు కాదు. మూడోది కుట్టించకండి. మీ రెండో అమ్మాయికి నా నమస్కారం చెప్పండి. ఆ అమ్మాయి పేరు మీరు రాయలేదు.

ఇట్లు, తొడుగు వాడే మనిషి,
గంగాభవాని

తా.క. మీ ఆనవాయితీకి లోటు ఎందుకు. మా వారి పేరు వీరేంద్ర. ముందు ఒక చీటీ మీద రాసి, కొన్ని రోజులు పోపుల డబ్బాలో ఉంచి చూశాను. ఆయుష్షుకేమీ కాలేదు. ఇదిగో, టీ ఏదని కేకేస్తున్నారు.