ఎర్రపూల చెట్టుకి అనుమతి

నా ఇల్లాలికి,

ఇక్కడ నేనూ, పాపా కులాసాగా ఉన్నాం. అక్కడ నర్సు శిక్షణ నిన్ను మరీ నలగ్గొట్టడం లేదని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. పాపకి జడలు ఎవరు వేస్తున్నారని అడిగావు. నేనే. పందిళ్ళకి తీగలు కట్టే చేతికి జడ ఒక లెక్కా అనుకున్నాను. మొదటి రోజు బడి నుంచి వచ్చి, "నాన్నా, నా జడలు ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయా అని టీచరు అడిగింది" అంది. ఇప్పుడు రాజీ కుదిరింది. నా నడుం నొప్పి సంగతా? ఉన్నచోటే ఉంది, ఎక్కడికీ పోలేదు.

ఇక తోట కబురు. అమ్మగారి గదికీ మన గదులకీ మధ్య ఉన్న ఎర్రపూల చెట్టు ఇప్పుడు లేదు. కంగారుపడకు, అనుమతి తీసుకునే కొట్టించాం.

అమ్మగారికి చూపు మందగించింది కదా. ఆ చెట్టు నీడకి పట్టపగలే లైటు వేసుకుని పేపరు చదవాల్సి వస్తోందని, నువ్వు వెళ్ళిన వారానికే దాన్ని తీసేయమన్నారు. ఇంత పెద్ద తోటలో, కావలించుకుంటే చేతులందనంత లావు చెట్టుని కొట్టాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలని చెప్పాను.

"నా తోట, నా చెట్టు. మధ్యలో వాళ్ళెవరయ్యా?"

"చట్టం అండీ. అడక్కుండా గొడ్డలి పెడితే కేసవుతుంది."

"సరే, ఆ కాగితమేదో నువ్వే ఇచ్చిరా" అని దరఖాస్తు మీద సంతకం పెట్టి ఇచ్చారు.

తనిఖీకి చెట్ల అధికారి వచ్చింది. పట్టుమని పాతికేళ్ళు ఉండవు. టేపుతో మాను కొలిచింది, గూళ్ళున్నాయేమోనని కొమ్మ కొమ్మా చూసింది. చెక్క సుత్తితో మాను చుట్టూ తడుతూ వచ్చి, మన గదుల వైపు ఆగిపోయింది.

"ఇక్కడ డొల్లగా ఉంది, వినండి" అంది. చెవి ఆనించాను. ఖాళీ డబ్బా చప్పుడు.

"ఇటే వాలింది కూడా. ఆ గదిలో ఎవరుంటారు?"

"మా పాప పడుకుంటుందండీ."

"మామూలుగా అయితే గేటుకి నోటీసు అంటించి పదిహేను రోజులు ఆగాలి. ఇది ఆగేది కాదు. ఇవాళే రాసిస్తాను, మీరు ముందు ఆ గది ఖాళీ చెయ్యండి."

మూడో రోజున కొట్టారు. మొదలు కోసి చూస్తే, లోపల పాప ముడుచుకుని కూర్చునేంత ఖాళీ.

ఇంతవరకూ రాసి రెండుసార్లు లేచి వెళ్ళాను. నీకు చెప్పక తప్పదు. ఆ దరఖాస్తుని నేను ఐదు వారాలు ఇవ్వనేలేదు. విత్తనాల పెట్టె అడుగున దాచాను. పదకొండేళ్ళు నీళ్ళు పోసిన చెట్టు, నా చేతుల మీదుగా కొట్టించడానికి మనసొప్పలేదు. అమ్మగారు అడిగినప్పుడల్లా "ఫైలు కదులుతోందండీ" అన్నాను. ఆఫీసు మీదకి నెడితే ఎవరైనా నమ్ముతారు. చివరికి ఆవిడే మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే, అసలు కాగితమే రాలేదన్నారట.

పిలిచారు. పెట్టె బోర్లించి కాగితం తెచ్చి ముందు పెట్టాను. "నన్ను పనిలోంచి తీసేస్తారా అమ్మగారూ?" అన్నాను.

"ముందిది ఇచ్చిరా" అన్నారు, అంతే.

ఆ ఐదు వారాల్లో రెండు గాలివానలు వచ్చాయి. రెండుసార్లూ పాప ఆ గదిలోనే నిద్రపోయింది. నాది చెట్టు మీద ప్రేమ అనుకున్నాను. ఆ సుత్తి చప్పుడు విన్నాక, అంత ప్రేమ ఉన్నవాణ్ణి ఒక్కసారైనా తట్టి చూడలేదేమని సిగ్గేసింది. నువ్వు ఎంత తిట్టినా పడతాను.

కొట్టిన చెట్టుకి బదులు రెండు మొక్కలు నాటి, మూడేళ్ళు పెంచి చూపించాలని అనుమతిలో షరతు ఉంది. ఎవరు పెంచుతారో ఆ మనిషి సంతకం చెయ్యాలి. నిన్న అమ్మగారు కిటికీ దగ్గర కూర్చుని, లైటు వెయ్యకుండా కాగితమంతా చదివారు. నన్ను అడక్కుండానే నా పేరు రాసేసి, కాగితం నా వైపు తోశారు.

"పెట్టు సంతకం. మూడేళ్ళ దాకా నువ్వు ఇక్కణ్ణించి కదలడానికి వీల్లేదు. చట్టం."

పెట్టాను.

ఇట్లు,
నీ తిట్ల ఉత్తరం కోసం ఎదురుచూసే
మీ ఆయన