నా హాల్లో మీ ఇటుక

మా స్థలంలో కోర్టు గీసిన క్రీడాకారులకు,

నమస్కారం. నేను ఈ స్థలం సొంతదారుని, రిటైరైన బస్సు కండక్టర్ని. రోజూ సాయంత్రం మడతకుర్చీ చంకలో పెట్టుకొచ్చి, ఇక్కడ కాసేపు గాలి పీల్చుకుని పోతుంటాను. ఇవాళ వచ్చి చూస్తే నేలంతా సున్నం గీతలు. ఇది ఏ ఆటో నాకు తెలీదు. ఆటలంటే నాకు గౌరవమే. కానీ పరాయి స్థలంలో అడక్కుండా ఆడమని ఏ ఆటలోనూ రూలు లేదు.

అయినా ఈ గళ్ళేమిటి, ఇంత ఇరుగ్గా? ఆ మూల గడిలో నిలబడి చూశాను, మోచేతులు బయటికొచ్చాయి. బొద్దుగా ఉన్న ఆటగాడైతే మొదటి నిమిషంలోనే అవుట్. దయచేసి చెరిపేసుకుని ఏదైనా మైదానానికి వెళ్ళండి. కాగితం ఎగిరిపోకుండా ఇటుక కింద పెడుతున్నాను.

ఇట్లు,
ఈ జాగా మనిషి

తా.క. గోలీలాటైతే మాత్రం చెరపకండి. నేనూ వస్తాను.

*

నా హాల్లో ఇటుక పెట్టి వెళ్ళిన పెద్దమనిషి గారికి,

అయ్యా, మీరు కోర్టు అన్నది నా ఇల్లు. మీ మోచేతులు బయటికొచ్చిన ఆ గడి నా స్నానాలగది. మీ కుర్చీ కాళ్ళ గుర్తులు మా వంటింట్లో, సరిగ్గా పొయ్యి మీద కనబడుతున్నాయి. చెప్పులతో వచ్చారని కూడా గమనించాను. గోడలు లేవు గనక ఊరుకుంటున్నాను.

నేను కాలేజీలో తాత్కాలిక చరిత్ర లెక్చరర్ని. మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా జనాన్ని నోరు తెరవమని, ఇంటికొచ్చాక నన్ను నోరు మూసుకోమంటుంది. మేముండేది ఒక పిండిమర పైగదిలో. మర తిరిగితే మంచం తనంతట తానే గోడ దగ్గర్నుంచి తలుపు దగ్గరికి నడిచొస్తుంది. నాకు అప్పుడే తల నెరిసిందని కాలేజీలో జాలిపడతారు, అది పిండి. ఇప్పుడు మా ఆవిడకి ఐదో నెల. ఆ దుమ్ములోకి పసిబిడ్డని తీసుకురాకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. బిడ్డ వచ్చేలోగా కనీసం రెండు గదులూ ఒక పైకప్పూ లేవాలి.

ఈ స్థలం కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాం. వానాకాలంలో పడవ కావాల్సిన స్థలాలు చూశాం. నాలుగు వైపులా రోడ్డే అంటూ ఒక బ్రోకరు ట్రాఫిక్ ఐలాండు దాకా తీసుకెళ్ళాడు. చివరికి అదే బ్రోకరు దీన్ని చూపించి 'సార్, ఇదే మీది' అన్నాడు. దస్తావేజు నా దగ్గరుంది. మరి మీరెవరు?

ఇట్లు,
గోడలు లేని ఇంటి యజమాని

తా.క. ఆ ఆట పేరు సంసారం. ఇద్దరితో మొదలుపెట్టి ఆడతారు, గోలీలు అక్కర్లేదు.

*

కబ్జాదారు లెక్చరర్ గారికి,

మీ ఉత్తరం చదివి మా ఆవిడకి వినిపించాను. 'పాపం, ఐదో నెలట' అంది. సరే, పాపం. కానీ స్థలం నాదే.

రోడ్డు దగ్గర నిలబడి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో నంబరు నాది. నా ఉద్యోగమంతా స్టాపులు లెక్కపెట్టడమే. నిద్రపోయే ప్రయాణికుణ్ణి కూడా భుజం తట్టి వాడి స్టాపులోనే దింపిన చరిత్ర నాది. మీకు చరిత్ర మీద గౌరవం ఉంటుందనుకుంటాను. మీ దస్తావేజులో నంబరెంతో చూసుకోండి. ఐదైతే మీది నా పక్కది, బండ ఉన్నది. ట్రాఫిక్ ఐలాండు అమ్మజూపిన బ్రోకరు మాట పట్టుకుని నన్ను ఎవరని అడుగుతున్నారా?

ఉన్నమాట చెప్పాలి గనక, మీ ఇల్లంతా తిరిగి చూశాను. ఒక్క గోడకీ ద్వారం వదల్లేదు. గదిగదికీ పంచె ఎగ్గట్టుకుని దూకాల్సొచ్చింది. దొంగలు రారు సరే, మీరెలా వస్తారు?

ఇట్లు,
నాలుగో నంబరు సొంతదారు

తా.క. పడగ్గది పెద్దది చేసి వంటిల్లు చిన్నది చేశారు. గీసింది మీరు, వండేది ఆవిడ అని అక్కడే తెలిసిపోయింది.

*

గౌరవనీయులైన కండక్టర్ గారికి,

మీ ఉత్తరం అందగానే యుద్ధం ప్రకటిద్దామని కూర్చున్నాను. సరిహద్దు తగాదాలతో నాశనమైన రాజ్యాల జాబితా కూడా సిద్ధం చేసుకున్నాను. మా ఆవిడ కలం లాక్కుని, 'ముందు వెళ్ళి లెక్కపెట్టి రా, తర్వాత చించుకో' అంది.

ఇద్దరం వచ్చాం. నేను లెక్కపెట్టాను. మీ స్థలం నాలుగే. చరిత్ర చెప్పేవాడి లెక్క ఏం నమ్మకమని ఆవిడ కూడా లెక్కపెట్టింది. నాలుగే. మా దస్తావేజులో ఐదని గుండ్రంగా రాసుంది. బ్రోకరుకి ఫోన్ చేస్తే, 'నేను చూపించిందే మీది సార్, కాకపోతే తల తీసిచ్చేస్తా' అన్నాడు. ఆయన తల తీసుకుని నేనేం చేసుకోను, పెట్టుకోడానికి ఇల్లే లేదు.

క్షమించండి. నా ఇల్లు కాలితో చెరిపేశాను. ముందు స్నానాలగది, తర్వాత వంటిల్లు, ఆఖర్న హాలు. ఇల్లు కట్టడానికి నెలలు పడుతుందంటారు గానీ, కూల్చడం మాత్రం చాలా సులువండీ.

పక్క స్థలంలోని బండని మేస్త్రికి చూపించాం. చుట్టూ తిరిగి, కాలితో తన్ని, 'సార్, ఇది ఏనుగు వీపు మాత్రమే. ఏనుగు కిందుంది' అన్నాడు. దాన్ని పగలగొట్టిస్తే ఇల్లు కట్టడానికి మా చేతిలో ఏమీ మిగలదు. వదిలేస్తే ఒక్క గది, అదీ వంకరగా.

'ఏనుగెక్కే యోగం అందరికీ ఉంటుందా' అన్నాను. ఎప్పుడూ నవ్వే మనిషి ఈసారి నవ్వలేదు. బండ మీద కూర్చుని, 'ఊయల ఎక్కడ కడతావు?' అని మాత్రం అడిగింది.

ఇట్లు,
మాజీ గృహస్థు

తా.క. ద్వారాల సంగతి నిజమే. మర్చిపోయాను. పెళ్ళిలో కూడా బయటికి దారి ఎటో చూసుకోకుండానే కూర్చున్నాను.

*

చిరంజీవి లెక్చరర్ బాబుకి,

చెరిపేయమన్నాను, నిజమే. మర్నాటికే చెరిపేయమన్నానా? కోపంలో ఉన్నవాడికి కాస్త టైమివ్వాలయ్యా, చల్లారడానికి.

నిన్నటిదాకా కుర్చీ వేసుకుంటే వంటింట్లో కూర్చున్నట్టుండేది. ఇవాళ ఎక్కడ కూర్చున్నానో తెలీడంలేదు. మా ఆవిడ కూడా వచ్చింది మీ ఇల్లు చూద్దామని. చూపించడానికేం లేదు. 'తరిమేశారా వాళ్ళని?' అంది. దారంతా ఇంకో మాట లేదు. నలభై ఏళ్ళ సంసారంలో ఆవిడ తిట్లకి నేనెప్పుడూ భయపడలేదు. మౌనం వేరు.

బండ చుట్టూ మీరు కొత్తగా గుండ్రంగా గీసిన గీత చూశాను. గుండ్రటి ఇల్లు బాగుంటుంది కానీ, బీరువా ఏ మూల పెడతారు?

ఒక సలహా. మునిసిపల్ ఆఫీసులో సర్వేయరు ఉంటాడు. అర్జీ పెడితే వచ్చి కొలిచి కాగితం ఇస్తాడు. ఏనుగు సగం ఆరో నంబరులో ఉందేమో ఎవరు చూశారు? నా వైపు నుంచి ఒక అడుగు కావాలన్నా అడగండి. ఒక అడుగే.

ఇట్లు,
కండక్టర్

తా.క. పోనీ, రెండడుగులు. మా ఆవిడ ఇప్పుడే మాట్లాడింది.

*

కండక్టర్ బాబాయ్ గారికి,

ఆ గుండ్రటి గీత ఇల్లు కాదండీ. ఏనుగు ఎంతమేర ఉందో మేస్త్రి గునపంతో తడిమి గీసిన గీత. మీ రెండడుగుల సంగతి మా ఆవిడకి చెప్పాను. 'స్థలాలు కబ్జా చేసేవాళ్ళని చూశాను గానీ, స్థలం సొంతదారునే కబ్జా చేసినవాణ్ణి నిన్నే చూశాను' అంది. నవ్వుతూనే అంది. చాలా రోజులకి.

అర్జీ పెట్టాను. సర్వేయరు గురువారం వస్తానన్నాడు. ఆరోజు నాకు పరీక్షల డ్యూటీ. ఎగ్గొడితే తాత్కాలిక ఉద్యోగం కాస్తా గతకాలపు ఉద్యోగం అవుతుంది. ఆవిడకి క్లినిక్కులో సెలవు దొరకలేదు. మీరు కాస్త దగ్గరుండి కొలిపించగలరా? బండలో ఒక మూల ఆరోవాడికి పోయినా చాలు, ఊయలకి చోటొస్తుంది. ఒక్క మూల.

ఇట్లు,
మీ పక్క స్థలం కుర్రాడు

తా.క. సర్వేయరుకి మంచినీళ్ళు మాత్రం ఆఖర్న ఇవ్వండి. దాహం తీరిన మనిషి వీధి చివరిదాకా కొలవడట. మా ప్రిన్సిపాల్ చెప్పాడు. ఆయన చెప్పిందానికి వ్యతిరేకం చేస్తే మంచిదని నా అనుభవం, కాబట్టి ముందే ఇచ్చెయ్యండి.

*

లెక్చరర్ బాబుకీ, అమ్మాయికీ,

కూర్చుని చదవండి. అమ్మాయిని ముందు కూర్చోబెట్టు.

గురువారం సర్వేయరు వచ్చాడు. నీళ్ళు ముందే ఇచ్చాను. 'ఒకటో నంబరు ఏది?' అన్నాడు. 'రోడ్డు పక్కది' అన్నాను. ఆయన పాత పటం విప్పి చూసి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి రోడ్డులో నిలబెట్టాడు. 'మీరిప్పుడు నిలబడ్డారే, అదండీ ఒకటో నంబరు' అన్నాడు. వెనకాల లారీవాడు హారన్ కొట్టాడు.

ఎప్పుడో రోడ్డు వెడల్పు చేశారట. ఒకటో నంబరు మొత్తం రోడ్డులో కలిసిపోయింది. మనమంతా ఇప్పటి రోడ్డు నుంచి లెక్కపెట్టుకుంటున్నాం, కాగితాలేమో పాత రోడ్డు నుంచి లెక్కపెడుతున్నాయి. నేను నాలుగనుకున్నది ఐదు. అంటే మీది. మీరు మొదట ఇల్లు గీసిందే మీ స్థలం. ఆ బండ ఆరోవాడి పాలు, ఆయనెవరో ఏనుగుతో పడతాడు. ఊళ్ళో అందర్నీ వాళ్ళ వాళ్ళ స్టాపుల్లో దింపిన నేను, ఒక స్టాపు ముందుకెళ్ళి దిగి ఇన్నేళ్ళూ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నానయ్యా! మన ముగ్గురిలో నిజం చెప్పినవాడు బ్రోకరొక్కడే. ఆ సంగతి ఆయనకి చెప్పకండి, మనసు కష్టపెట్టుకుంటాడు.

దాచడం దేనికి, సర్వేయరు వెళ్ళాక ఒక సాయంత్రమంతా ఈ విషయం మింగేద్దామా అనుకున్నాను. కాగితం ఎలాగూ మీకే వస్తుందని గుర్తొచ్చి మానేశానని మా ఆవిడ అంటుంది. దానికి ముందే మానేశాను. ఒక పావుగంట ముందు.

నా అసలు నాలుగో నంబరు సంగతి కూడా విను. మీకు రోడ్డు వైపున్న పక్కదే అది. దిక్కులేని స్థలం కదా అని, మీ స్థలంలో ఏరిన ప్రతి రాయినీ ఇన్నేళ్ళూ అందులోకే విసిరాను. నా చేత్తో నా కొంపలోకే. ఇవాళ తుప్పలు తొలగించి చూస్తే గుట్ట. తల పట్టుకుని కూర్చుంటే మీ మేస్త్రి వచ్చి చూశాడు. 'బాబాయ్, ఇది పునాది రాయి కదా! రెండిళ్ళకి సరిపోతుంది' అన్నాడు. రెండో ఇల్లు ఎవరిదని అడిగాను. మా ఆవిడ నా కుర్చీ మడిచేసి, 'ఇంకెవరిది? కూర్చుంది చాలు' అంది.

కాబట్టి ఆదివారం పొద్దున్నే ఇద్దరూ రండి. ముందు మీది గీద్దాం. వంటింటి కిటికీ ఎటు పెట్టాలో అమ్మాయిని ఆలోచించుకు రమ్మను. మా వైపు పెడితే మా ఆవిడకి కబుర్లకి వీలుగా ఉంటుందట. ఊయల ఎక్కడ కట్టాలో ఇక నన్నడగొద్దు, ఇల్లంతా మీదే.

ఇట్లు,
మీ పక్కింటి బాబాయ్

తా.క. వీధి చివర మేడ కట్టుకున్న ఆయన కూడా ఇప్పటి రోడ్డు నుంచే లెక్కపెట్టుకున్నాడట. రెండంతస్తులూ ఎవరి నంబరులో లేచాయో నా చెవిలో చెప్పి, సర్వేయరు వేగంగా స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఆ మేడాయనకి ఎవరో ఒకరు తెలియజెయ్యాలి కదా. చదువుకున్నవాడివి, ఉత్తరం నువ్వే రాయి. ఆయన కుస్తీ నేర్పుతాడట, మొదలు కాస్త మర్యాదగా పెట్టు.