గోవా సీసా మీది చీటీ

1978 మే 9

సెలవు మంజూరైంది. పది రోజులు. పదకొండేళ్ళ నర్సు ఉద్యోగంలో ఇంత సెలవు ఎప్పుడూ అడగలేదు. డాక్టరమ్మ కళ్ళజోడు మీదుగా చూసి "సముద్రమా? పెళ్ళికి ముందే?" అంది. చర్చి వాళ్ళం పద్నాలుగు మందిమి, పాస్టరు అయ్యగారు కూడా వస్తున్నారు, కాబోయే ఆడబిడ్డ నా పక్కనే పడుకుంటుంది... అని అంతా చెప్పేశాను. అడగనివన్నీ చెప్పడం నాకు రోగం.

మే 12

వికారాబాదులో బండెక్కాం. తాండూరులో దేవదానం ఎక్కాడు. వెనకే వాళ్ళక్క రత్నమ్మ వదిన, వాళ్ళ బావ, మూడు టిఫిన్ క్యారియర్లు, ఒక నీళ్ళ కూజా. దేవదానం నాపరాళ్ళ డిపోలో గుమస్తా, చొక్కా మీద ఎప్పుడూ రాతి పొడి ఉంటుంది. ఇవాళ లేదు. కొత్త చొక్కా. నాకోసమే అనుకున్నాను, అనుకుంటే ఎవరికి నష్టం.

ప్రధానం అయి రెండేళ్ళు. వాళ్ళ చెల్లెలి పెళ్ళి కావాలని ఒక ఏడు, మా నాన్న పోయి ఇంకో ఏడు. వచ్చే క్రిస్మస్ దాటగానే మా పెళ్ళి. ఈసారి వాయిదా పడితే నేనే చర్చి మెట్ల మీద కూర్చుంటాను.

మే 14

స్టీమరు. బొంబాయి రేవు వెనక్కి పోతోంది. ఇన్ని నీళ్ళు! అయ్యగారు కీర్తన ఎత్తుకున్నారు, సగం మంది వాంతులు. నేను వాంతి చేసుకోలేదు. గర్వంగా ఉంది.

మే 16

గోవా. ఎటు చూసినా సీసాల కొట్లే. దేవదానం ఒక కొట్టు ముందు ఆగిపోయాడు. "మా ఇంట్ల ఆనవాయితీ ఎర్కనే కద" అన్నాడు. ఎరుకే. కేకు కోశాక పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఒకే గ్లాసులో ద్రాక్షరసం, అంటే వైను, తాగాలి. వాళ్ళ తాత వాడీ రైల్వే జంక్షన్‌లో గోవా వాళ్ళతో కలిసి రైలు పని చేశాడట, అక్కడ అంటుకున్న అలవాటు. "ఇక్కడ్నే కొంటే అసలుది దొర్కుతది." లోపలికి పోవడానికి మాత్రం భయం, ఎదురుగా అయ్యగారు ఐస్‌క్రీం తింటున్నారు. నేనే పోయి కొన్నాను. ఎర్రది. గొడుగులో చుట్టి తెచ్చాను. "నువ్వు మగోనివి కావల్సింది" అన్నాడు.

మే 18

మళ్ళీ స్టీమరు మీద. సాయంత్రం అతనికి ఆత్రం — సీసా ఇప్పుడే తెరుద్దామా, ఒక్క చుక్క. బార్‌లో పనిచేసే గోవా ఆయన చూడనే చూశాడు. బయటి సీసా ఇక్కడ తెరవకూడదట, తాగాలంటే బార్‌లోనే కొనుక్కోవాలట. నాకు సిగ్గుతో చెవులు మండాయి. దేవదానం మాత్రం పోయి ఒక గ్లాసు కొనుక్కొచ్చాడు. రెండు తెస్తే వాళ్ళ బావకు అనుమానం వస్తుందట.

పడవలు కట్టి ఉంచిన చోట, వెనక, ఇద్దరం. అతను ఒక గుక్క. నేను ఒక గుక్క. తీపి, వగరు, తర్వాత గొంతులో వేడి. మళ్ళీ అతను. నేను తాగిన వైపే తిప్పుకుని తాగాడు. చూశాను.

"అయిపోయింది పో మన పెళ్ళి" అన్నాడు.

ఇది ఎవరికీ చెప్పను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మే 19

బొంబాయిలో పర్మిట్ లేకుండా సీసా దొరికితే జైలేనట. అందరూ అదే మాట. దేవదానం ముఖం పాలిపోయింది, సముద్రంలో పారేద్దాం అంటాడు. ఎంత కష్టపడి తెచ్చాను! నా బ్యాగులో మందుల సీసాల మీద అంటించే దవాఖానా చీటీలు ఉన్నాయి. సీసా మీది గోవా కాగితం నానబెట్టి ఊడబీకి, మన చీటీ అంటించాను. "టానిక్కు. రోజుకు మూడుసార్లు. బాగా కలిపి తాగవలెను." పేషెంటు పేరు దగ్గర ఆగాను. అతను పెన్ను లాక్కుని రాశాడు — శ్రీమతి దేవదానం.

రేవులో పోలీసు సీసా పైకెత్తి చూశాడు. టీబీ దవాఖానా అన్నాను. అని, గట్టిగా దగ్గాను. మా వార్డు మొత్తం దగ్గినట్టు దగ్గాను. రెండడుగులు వెనక్కి వేసి, పో పో అని చెయ్యి ఊపాడు. స్టేషన్ దాకా ఒకటే నవ్వు ఇద్దరికీ. "ఏంది గంత నవ్వు, జర నాకు గూడ చెప్పున్రి" అంటుంది వదిన. ఎట్లా చెప్తాం.

జూన్ 3

సీసా నా బీరువాలో, చీరల కింద. అతని ఇంట్లో అయితే బావ తాగేస్తాడు, పెళ్ళిదాకా ఉంచడు. అప్పుడప్పుడు తీసి చీటీ చదువుకుంటాను. ముప్పై మూడేళ్ళ దానికి ఏం పిచ్చి.

జూలై 11

దగ్గు. ముసురు కదా.

జూలై 20

పోలేదు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చగా ఉంటోంది. నాకు తెలుసు. రోజూ నలభై మందిని చూసేదాన్ని, నాకు తెలియదా. ఎవరికీ చెప్పలేదు.

జూలై 22

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకు పట్టి చూసింది. కుడివైపు, పైన. "మొదట్లోనే దొరికింది సుగుణా, పూర్తిగా పోతది, నీకు నేను చెప్పాల్నా." చెప్పాలి. చెప్తుంటే వినాలనే ఉంది.

జూలై 24

ఆడవాళ్ళ వార్డులో మంచం. పక్క మంచం రబియాబీది, నవాబుపేట ముసలమ్మ, ఆరు నెలలుగా నా చేతి సూదులే. నన్ను చూసి ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. "అరె సిస్టరమ్మా, నాకు గుచ్చిన సూది ఇయ్యాల నీకే గుచ్చుతుండ్రు! ఊపర్‌వాలా ఇన్సాఫ్ జేసిండు." పైవాడు న్యాయం చేశాడట. తన గుడ్డు ఒలిచి నా నోట్లో పెట్టింది. నిజంగానే సూది చాలా నొప్పి. ఇన్నేళ్ళు "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటది" అని ఎంతమందికి అబద్ధం చెప్పానో.

దేవదానానికి ఉత్తరం రాశాను.

ఆగస్టు 6

వచ్చాడు! గేటు దగ్గర కనపడగానే జుట్టు సవరించుకున్నాను. వరండాలో నిలబడ్డాడు. చొక్కా మీద రాతి పొడి. బత్తాయిలు తెచ్చాడు, పిట్టగోడ మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు.

"ఎట్లున్నవ్" "మంచిగనే" "తింటున్నవా" "తింటున్న"...

అప్పుడు దగ్గొచ్చింది. నిజం దగ్గు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను, మొహం పక్కకు తిప్పాను, అన్నీ సరిగ్గానే చేశాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. తనకు తెలియకుండానే వేశాడు, అది నాకు తెలుసు. నేను నవ్వాను — పోలీసు గుర్తొచ్చి, అతనికీ గుర్తొస్తుందని. అతను నవ్వలేదు. జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నట్టు పట్టుకున్నాడు. పోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

ఆగస్టు 7

బత్తాయిలు రబియాబీకిచ్చాను.

ఆగస్టు 28

రాలేదు.

సెప్టెంబర్ 10

ఇవాళ కూడా రాలేదు. తాండూరు నుంచి పాసింజరు వచ్చే వేళకు చెవులు అటే పోతాయి. మా దవాఖానా ఉన్న కొండ మీదికి వినపడదు, అయినా.

సెప్టెంబర్ 17

రత్నమ్మ వదిన వచ్చింది. మనసులో ఏదీ దాచుకోదు, అదే ఆమె మంచితనం, అదే నా ప్రాణానికి వచ్చింది. "మావోడు గూడ ఎక్స్‌రే తీయించుకుండు పిల్లా. అంత సాఫ్ ఉన్నది, దేవుని దయ. మస్తు పరేషాన్ అయిండు... ఓడల మీరిద్దరు ఒక్కటే గ్లాసుల తాగిన్రంట గద."

చెప్పేశాడు. ఆ గ్లాసు సంగతి ఇంట్లో చెప్పేశాడు. సంతోషంతో కాదు, భయంతో.

వదిన ఇంకా ఏదేదో అంది. నాకేమీ వినపడలేదు. రోగం వచ్చిందన్నప్పుడు కూడా ఇంత ఏడవలేదు.

అక్టోబర్ 21

కఫం పరీక్షలో టీబీ పురుగు లేదు. రెండోసారి కూడా లేదు. డాక్టరమ్మ సంతకం పెట్టి, గోలీలు మాత్రం ఏడాది దాటి మింగాలంది. క్వార్టరుకు పోవచ్చు, ఇదే వరండా చివర. తాండూరుకు ఉత్తరం రాశాను, రిపోర్టు నకలు కూడా పెట్టాను. పెళ్ళికూతురు ఎవరైనా కఫం రిపోర్టు పంపుతుందా? నేను పంపాను.

నవంబర్ 19

జవాబు మనిషి రూపంలో వచ్చింది. వదిన చేతిలో చిన్న పొట్లం. అందులో నేనిచ్చిన ప్రధానపు ఉంగరం. "అమ్మ ఒప్పుకుంటలేదు బిడ్డా. పిల్లలు గిట్ల పుడితే వాళ్ళకొస్తదని భయం. నారాజ్ గాకు." పిల్లలకు అట్లా రాదు వదినా, నేను నర్సును, నాకు తెలుసు... చెప్పాను. తల ఊపింది. మళ్ళీ అదే మాట అంది. నా వేలిది తీసి ఇచ్చాను. వేలు చుట్టూ తెల్లగా గుర్తు.

అతను ఒక్క వాక్యం రాసి పంపలేదు. అంత పిరికివాడని తెలిసి కూడా కావాలనే ఉంది. నన్ను చెప్పుతో కొట్టాలి.

డిసెంబర్ 25

అయ్యగారు యేసు నీళ్ళను ద్రాక్షరసం చేసిన కానా ఊరి పెళ్ళి సంగతి ఎత్తారు. ఇవాళ దాని అవసరమేమిటో. అక్కడ పెళ్ళి ఉంది, ద్రాక్షరసం లేదు. నా దగ్గర ద్రాక్షరసం ఉంది, పెళ్ళి లేదు. వెనక బెంచీలో కూర్చుని నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కామె దగ్గు అనుకుని జరిగి కూర్చుంది.

1979 జనవరి 14

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఫిబ్రవరిలో అతని పెళ్ళట. తాండూరు పిల్లే, వాళ్ళ నాన్నకు రాళ్ళ పాలిషు ఫ్యాక్టరీ ఉంది. ఆ కబురు చెప్పి, టీ తాగి, గ్లాసు కింద పెట్టి వదిన అంది: "గా గోవా సీసా నీ దగ్గర్నే ఉన్నదంట గద. నువ్వెట్లైనా తాగవైతివి. గసొంటిది ఇక్కడ యాడ దొర్కుతది..."

"నేనే కొన్న వదినా దాన్ని. నేనే మోసిన. కావాలంటే ఆయన్నే వచ్చి అడగమను." గట్టిగానే అన్నాను. రానే రాడు, రావడానికి మొహం ఉండాలి కదా.

జనవరి 21

వచ్చాడు.

అదే వరండా. చిక్కిపోయాడు. అయ్యో అనిపించింది, అనిపించినందుకు నా మీద నాకే కోపం. బీరువాలోంచి తెచ్చి పిట్టగోడ మీద పెట్టాను, బత్తాయిలు పెట్టిన చోటే. చీటీ అతని వైపు ఉంది. తన రాత తాను చదువుకున్నాడు. పెదవులు కదిలాయి.

"గా చీటీ తీసేసి ఇయ్యరాదు, సుగుణా. టీబీ దవాఖాన అని ఉన్నది... వాళ్ళు చూస్తే..."

పగలగొట్టొచ్చు. మొహాన కొట్టొచ్చు. ఎన్ని రాత్రులు అనుకోలేదు! నేనేం చేశాను — నీళ్ళు వేడి చేశాను. గిన్నెలో సీసా నిలబెట్టాను. ఊరుకుంటే చీటీ దానంతట అదే వదిలింది, చిరగలేదు. జిగురు మిగిలింది, గోటితో గీకాను. ఎవరూ భయపడకూడదని సబ్బుతో కడిగి, స్పిరిటుతో తుడిచాను. అంతసేపూ అతను తలుపు దగ్గరే ఉన్నాడు. లోపలికి రాలేదు.

ఇచ్చాను. ఈసారి చేతికే ఇచ్చాను, కావాలనే. తీసుకున్నాడు.

"నేనేం జెయ్యాలె చెప్పు" అన్నాడు.

"బాగ కలిపి తాగు" అన్నాను.

జనవరి 22

చీటీ ఆరింది. ఇక్కడ అంటిస్తున్నాను. సిరా కాస్త పాకింది కానీ పేరు చదవొచ్చు. నన్ను ఆ పేరుతో ఎవరైనా పిలిచింది ఇదొక్కటే.

ఫిబ్రవరి 15

ఇవాళే. కేకు పన్నెండింటికట. పన్నెండింటికి వార్డులో మందులు పంచుతున్నాను. రబియాబీ నా మొహం చూసి, తన గోలీలు పేచీ పెట్టకుండా మింగింది.

ఫిబ్రవరి 18

వదిన వచ్చింది. పెళ్ళి కేకు ముక్క, కాగితంలో. ఇంకో సంచిలో సీసా. మూత తీసి, మళ్ళీ బిరడా పెట్టి ఉంది. దాదాపు నిండుగానే ఉంది.

"పారబొయ్య మనసు రాలే. నీ సొమ్ము నీకే తెచ్చిన."

"తాగలేదా?"

"పిల్ల తాగింది ఒక గుక్క. గ్లాసు మావోని చేతికిచ్చింది. పట్టుకొని ఊకె చూసిండు. అందరు తాగు తాగు అంటనే ఉన్నరు... కింద పెట్టిండు. అయ్యగారేమో జల్ది ప్రార్థన షురూ జేసిండు."

"ఎందుకు తాగలేదు వదినా?"

"ఏమో బిడ్డా. నేనడిగితే బయటికి పోయిండు."

వదిన పోయింది. సీసా బల్ల మీద ఉంది, చీటీ లేకుండా. ఎంత కడిగినా, నా బీరువాలో ఉన్నదని భయపడ్డాడా. అంతేనేమో. వరండాలో రెండడుగులు వెనక్కి వేసినవాడు, అంతే అయి ఉంటుంది. లేక గ్లాసు తిప్పుతూ నేను తాగిన వైపు కోసం...

ఛీ.

గోలీలు మింగేటప్పుడు చుక్క కూడా ముట్టొద్దంది డాక్టరమ్మ. గ్లాసు తెచ్చి పక్కన పెట్టాను, ఒక్కటే. పొయ్యలేదు. పాసింజరుకు తాండూరు గంట ప్రయాణం. పోయి అడిగితే ఏం చెప్తాడో. భయమే అంటే బతకగలను. భయం కాదంటేనే ఎట్లాగో తెలియడం లేదు.